మా అమ్మ బీపీకి కారణం

మా అమ్మ బీపీకి కారణం నేనేనని డాక్టరుకి చెప్పింది మా అమ్మ కాదు, నేనే. నా నోటితోనే, శుభ్రమైన హిందీలో చెప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

ఆఫీసు బోర్డుల మీద మధ్యప్రదేశ్ చెరిపేసి ఛత్తీస్‌గఢ్ అని కొత్తగా రాస్తున్న రోజులవి. మేం భిలాయిలోని ఖుర్సీపార్‌లో ఉండేవాళ్ళం. నాన్న స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. అమ్మ పెళ్ళయి శ్రీకాకుళం నుంచి వచ్చింది మొదలు భిలాయిలోనే ఉంది కానీ, ఆవిడ హిందీ కూరగాయల బండి దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. మా చర్చిలో ఆడవాళ్ళందరిదీ అదే సంగతి. నేను ఇక్కడే పుట్టి, హిందీ బడిలో చదివి, డిగ్రీ పాసై, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నాను. చూడ్డానికి వచ్చిన సంబంధాలన్నీ నలుపనో వయసనో చెప్పి తప్పిపోయాయి. అంచేత నాకు దక్కిన పనేమిటంటే, ఎవరికి ఏ రోగమొచ్చినా వెంట ఆస్పత్రికి వెళ్ళి, వాళ్ళు తెలుగులో చెప్పింది డాక్టరుకి హిందీలో చెప్పడం. "కాలీగానే ఉంటాది కదా గుంట, దాన్ని తోలుకెల్లు" అనేవారు. షుగరుకైనా నేనే, గర్భసంచి ఆపరేషనుకైనా నేనే.

అదే ఆడవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల కూడికలో కళ్ళు మూసుకుని నా కోసం ఏడ్చేవారు. కూడికంటే వారానికొకరింట్లో చాపలు పరుచుకుని కూర్చుని, పాటలు పాడి, ఎవరి కష్టం వాళ్ళు లేచి చెప్పుకుని, అందరిచేతా ప్రార్థన చేయించుకోవడం. మా అమ్మ తన కష్టం ఏనాడూ చెప్పుకోలేదు. లేచి నిలబడిందంటే నా గురించే.

"మా గుంటకి మొన్నొచ్చిన సమ్మందం కూడా పోనాదమ్మా. ఉజ్జోగం నేదు, పెల్లి నేదు. తిని తొంగుంటాది. దాని బతుకు ఇలగైపోనాదని నాకు కంటిమీద నిద్దర నేదు. ప్రార్దన సెయ్యండి."

అంతే, గదంతా గొల్లుమనేది. మా పక్కింటి అత్త అయితే మైకు లేని లోటు తీర్చేసేది. "ప్రభువా, ఈ పనికిరాని బిడ్డని కనికరించు తండ్రీ!" ఆ పనికిరాని బిడ్డ ఎదురుగానే చాప మీద కూర్చుని ఉండేది. సోమవారం ఆ అత్తనే టెంపో ఎక్కించుకుని షుగరు చూపించుకుని రావాల్సింది కూడా ఆ బిడ్డే. పోనీ నాకు కోపమొచ్చేదా అంటే అదీ లేదు. నిజమే కదా అనుకునేదాన్ని. అందరితోపాటు ఆమెన్ కూడా అనేదాన్ని!

కొన్నాళ్ళకి నాకు తిండి సయించడం మానేసింది. తల దువ్వుకోబుద్ధయ్యేది కాదు. అమ్మకి కళ్ళు తిరిగి పడబోయిందీ ఆ రోజుల్లోనే. ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఒకావిడ. బీపీ చూసి, ఇంట్లో టెన్షన్లేమైనా ఉన్నాయా అని అడిగింది. నేను ఆ మాట తెలుగులో చెప్పానో లేదో అమ్మ ఎత్తుకుంది.

"ఇది నా గుండెల మీద కుంపటని సెప్పు. ఎందుకూ పనికిరాకుండా పోనాదని సెప్పు. దీని మూలంగానే నాకు బీపీ వొచ్చినాదని సెప్పు."

చెప్పాను. వీళ్ళ కూతురు ఎందుకూ పనికిరాకుండా పోయిందట, ఆ దిగులుతోనే బీపీ వచ్చిందట, అన్నాను. డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, ఏ కూతురు అని అడిగింది. "మై" అన్నాను. నేనే.

ఆవిడ పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూసింది. అన్నం ఎప్పుడు తిన్నావని అడిగింది. గుర్తు లేదన్నాను. వరండా చివరి గదిలో ఒక కౌన్సెలర్ మేడమ్ ఉంటుంది, వెళ్ళి కలవమంది.

ఆ మేడమ్‌ని చూస్తే నాకు మొదటిరోజే చిర్రెత్తింది. ఏం చెప్పినా "కైసా లగా?" అనేది, నీకెలా అనిపించింది అని. అమ్మ నలుగురిలో అలా అంది. కైసా లగా? పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు టీ తాగి లేచి వెళ్ళిపోయారు. కైసా లగా? ఎలా అనిపిస్తుంది నీ మొహం, ఈ ఒక్క ప్రశ్న అడగడానికేనా నీకు జీతమిచ్చి కూర్చోబెట్టారు, అని నోటిదాకా వచ్చేది. "కుఛ్ నహీ", ఏమీ లేదు, అని ఊరుకునేదాన్ని. మళ్ళీ వారం ఎందుకు వెళ్ళేదాన్నో నాకే తెలీదు. నా మాట పూర్తయ్యేదాకా ఎవరూ అడ్డురాని చోటు అదొక్కటే ఉండేది, బహుశా అందుకే.

ఒకరోజు బీపీ సంగతి చెప్పాను. ఆవిడ కైసా లగా అనలేదు. "ఆ మాట డాక్టరుకి నువ్వే చెప్పావా?" అంది.

"చెప్పక ఏం చేస్తాను? వాళ్ళు చెప్పింది చెప్పడమే నా పని."

"ఎవరేం చెప్పినా ఉన్నదున్నట్టే చెప్తావా?"

అవుననబోయి ఆగాను. పక్కింటి అత్త గుర్తొచ్చింది. మందులు పనిచెయ్యట్లేదని ఒళ్ళు మండి, ఒకసారి డాక్టరు మొహం మీదే, "ఈ డాక్టరు ముండకి సదువు ఎవుడు సెప్పినాడే?" అనేసింది. అత్తకి కాళ్ళ మంటలు ఇంకా తగ్గలేదట అని నేను హిందీలో చెప్పాను. డాక్టరు పాపం నవ్వుతూ మందు మార్చింది.

ఇది చెప్తే మేడమ్ కూడా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "డాక్టరు పరువు కాపాడావు. నీ పరువు ఎందుకు కాపాడుకోలేదు?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఇంటి సంగతి మీకేం తెలుసు, కూలరు ముందు కూర్చుని ఎన్ని కబుర్లైనా చెప్తారు, అని గట్టిగా అరిచాను. లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది. బయట వరసలో కూర్చున్నవాళ్ళు తొంగిచూశారు. మేడమ్ మంచినీళ్ళ గ్లాసు నావైపు జరిపి, "ఈ కోపం ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అంది. టెంపోలో ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. కోపంతో ఏడ్చాను, దిగులుతో కాదు. రెండూ వేరని ఆరోజే తెలిసింది.

అక్కడితో బాగుపడిపోయానని కాదు. చాలాకాలం పట్టింది. నా గురించి నేను ఏ చెత్తమాట అన్నా, అది నీ మాటా, మీ అమ్మ మాటా అని ఆవిడ అడిగేది. మొదట్లో అన్నీ నా మాటలే అనిపించేవి. పోనుపోను వింటుంటే వాటి యాస కూడా అమ్మదేనని తెలిసొచ్చింది.

ఒక శుక్రవారం కూడిక మా ఇంట్లోనే జరిగింది. అమ్మ లేచింది. "మా గుంట ఇప్పుడు పిచ్చి డాక్టరు కాడికి తిరుగుతన్నాదమ్మా. పరువంతా పోనాది..."

"అమ్మా, కూకో," అన్నాను. "నా గురించి ఈ సాప మీద ఇంకెవులూ ఏడవక్కర్నేదు. బస్, ఇంక సాలు."

"ఓలమ్మో, ఏటా నోరు! దెయ్యం గానీ పట్టినాదేటి దీనికి?" అంది పక్కింటి అత్త.

"పట్టినాది అత్తా. సోమవారం నీ షుగరుకి ఆ దెయ్యమే తోలుకెల్లాల. ఇంకొక్కసారి పనికిరాని బిడ్డన్నావంటే, నువ్వే ఎల్లి డాక్టర్తో మాటాడుకో."

అత్త పాటల పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంది. అమ్మ వంటింట్లోకి పోయి గిన్నెలు దబదబా పడేసింది. ఆరోజు ఎవరికీ టీ అందలేదు. ఆ తర్వాత అమ్మ నాతో మాటలు మానేసింది. అన్నం పళ్ళెం నేలకేసి కొట్టినట్టు పెట్టేది. నాకు భయమేసింది. అమ్మ పలకకపోతే నేను మనిషినే కాదేమోనన్న పాత బుద్ధి మళ్ళీ తలెత్తింది. మేడమ్‌తో చెప్తే "కైసా లగా?" అంది. ఈసారి జవాబు చెప్పాను. భయంగా ఉంది, అయినా క్షమించమని మాత్రం అడగను, అన్నాను.

చివరికి అమ్మ మోకాళ్ళు పట్టేశాయి. "ఆస్పత్రికి తోలుకెల్తావా, నేదా?" అని గోడతో అన్నట్టు అడిగింది. వెళ్ళాం. అదే డాక్టరు. ఏమైందని అడిగిందో లేదో అమ్మ అందుకుంది.

"దీని బెంగతోనే నా కాల్లు పడిపోనాయని సెప్పు. కన్నతల్లి మీద నోరేసుకుని పడిపోతాదని సెప్పు. పెల్లీ పెటాకులూ నేకుండా పిచ్చి డాక్టరు కాడికి తిరుగుతాదని సెప్పు."

డాక్టరు నావైపు చూసింది. అదంతా హిందీలో నాలిక చివర తయారుగా ఉంది, అలవాటు కదా. "మెట్లెక్కితే నొప్పట. చలి మొదలైన దగ్గర్నుంచీ," అన్నాను.

అమ్మకి అనుమానమొచ్చింది. "నానంత సెప్తే నువ్వింతేనేటి సెప్పినావు?"

"మోకాల్ల గురించి సెప్పినాను. నా గురించి నాను సెప్పను. సెప్పాలనుంటే నువ్వే సెప్పుకో. డాక్టరు ఎదురుగానే ఉంది."

అమ్మ మొహం కందగడ్డలా అయింది. డాక్టరు వైపు తిరిగి నోరు తెరిచింది, మూసింది. నన్ను తిట్టడానికి తెలుగులో అన్ని మాటలున్న మనిషికి హిందీలో ఒక్కటీ దొరకలేదు. నేను అందివ్వలేదు. గోడ మీది టీకాల పోస్టరు చూస్తూ కూర్చున్నాను. అమ్మ నావైపొకసారి చూసి, చీర మీంచే మోకాలు పట్టుకుంది.

"ఘుట్‌నా," అంది. ఇంకాసేపు వెతుక్కుని, "దర్ద్," అంది, నొప్పని.

డాక్టరు అది రాసుకుని, మందులు రాసి, కాగితం నా చేతికిచ్చింది. వరండాలో నడుస్తూ పైనుంచి కిందిదాకా చదివాను. మోకాళ్ళ గురించే ఉంది. నా ఊసు ఎక్కడా లేదు.