దిగని ఆట

కళ్లజోళ్ల దుకాణంలో ముందు గదిలో కూర్చునేవాళ్లు మాటకారులు. వెనక గదిలో మనిషికి మాటలతో పనిలేదు. అక్కడ ఉండేది అద్దాలు అరగదీసే మిషను, దాని చక్రం మీద సన్నగా పడే నీళ్లు, ట్రేలలో చీటీలు అంటించిన అద్దాల జతలు, ఎత్తు స్టూలు మీద ఆవిడ. పందొమ్మిదేళ్లుగా అదే స్టూలు. దుకాణమంతా ఆవిణ్ని అద్దాలక్క అంటుంది. కొత్త జోడు పెట్టుకుంటే తల తిరుగుతోందని ఎవరైనా తిరిగొస్తే, ముందు గదివాళ్లు "నాలుగు రోజులు పెట్టుకోండి, అలవాటైపోతుంది" అని పంపించెయ్యబోతారు. అద్దాలక్క ఊరుకోదు. జోడు లోపలికి తెప్పించుకుని పవరు చూస్తుంది. అది సరిగ్గా ఉంటే అద్దం నడిమధ్య కంటికి ఎదురుగా పడిందో లేదో కొలుస్తుంది. అదీ సరిగ్గా ఉంటే ఫ్రేము వంగిందేమో చూస్తుంది. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలేదే తప్పు అని ఆవిడ లెక్క. ఆ లెక్క దుకాణంలో ఎన్నడూ తప్పలేదు.

ఇంట్లోనూ తప్పలేదు. తప్పినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆవిడ భర్త కంటైనర్ల యార్డులో క్రేను నడిపేవాడు. నాలుగంతస్తుల ఎత్తున గాజుగదిలో కూర్చుని, ఇల్లంత ఇనప్పెట్టెని గాల్లోంచి దించి, లారీ మీద ఉన్న నాలుగు కొక్కేల మీద ఒక్క దెబ్బకి కూర్చోబెట్టేవాడు. రెండోసారి ఎత్తి సర్దడమంటే ఆయనకి నామోషీ. నలభై ఆరో ఏట, ఒకరోజు పొద్దున్న చొక్కా వేసుకుంటూ ఆగిపోయి, "గుండీ దొరకట్లేదేంటి" అన్నాడు. ఆ మాట కూడా సగమే బయటికొచ్చింది. ఆస్పత్రి నుంచి మూడు వారాలకి ఇంటికొచ్చాడు. మెల్లగా మాట తిరిగొచ్చింది, ఈడ్చుకుంటూనైనా నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్లో పెడితే ఒళ్లోనే, బల్ల మీద పెడితే బల్ల మీదే, ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులా ఉండేది.

ఒంట్లో బాగున్న రోజుల్లో ఆదివారం వచ్చిందంటే వాళ్ల హాలు హాలులా ఉండేది కాదు. టీవీకి తగిలించిన గేమ్ బాక్సులో ఫుట్‌బాల్ ఆట, దాని ముందు ముగ్గురు ముదుర్లు. ఒకడు ఈయన. ఇంకొకడు యార్డులో కింద నిలబడి ఈయనకి చేత్తో సైగలు చేసే పొడుగు, మనిషికి పేరొకటుందని కూడా జనం మర్చిపోయేంత పొడుగు. మూడోవాడు లారీలు తూచే కాటా గుమస్తా. ముగ్గురూ గోల్ అని అరిచారంటే కింద అంతస్తులో ముసలాయన కర్రతో పైకప్పు పొడిచేవాడు. ఎప్పుడూ గెలిచేది ఈయనే. ఓడినవాళ్లు వారమంతా యార్డులో ఆ మాట పడాల్సిందే.

జబ్బు చేశాక కూడా వాళ్లిద్దరూ ఆదివారాలు వచ్చేవాళ్లు. వచ్చి కుర్చీల అంచున కూర్చుని, టీ చల్లారేదాకా గ్లాసులు పట్టుకుని, "పర్లేదన్నా, తిప్పుకుంటావు" అని వెళ్లేవాళ్లు.

వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియో అమ్మాయి ఓసారి టీవీ కింద గేమ్ బాక్సు చూసింది. "ఇది ఆడతారా సార్? ఇంతకన్నా మంచి వ్యాయామం నేనేం చెప్పను! కొత్తగా వచ్చే ఆటల్లో ఒక చేత్తో ఆడేలా సెట్టింగులు కూడా ఉంటున్నాయి. ముందు అలా మొదలుపెట్టి, మెల్లగా కుడి బొటనవేలు కూడా వాడిద్దాం" అంది. ఆయన తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. అద్దాలక్కకి మాత్రం ఆ పూట అన్నం సహించింది. సాయంత్రమే పొడుగుకి ఫోన్ చేసింది. అతనూ గుమస్తా కలిసి అదే ఫుట్‌బాల్ ఆటలో కొత్తగా వచ్చినది కొని, దాని నంబరు పంపారు. "ఇది నెట్‌లోంచి దింపుకోవాలి వదినా. పొద్దున నొక్కి వదిలేస్తే సాయంత్రానికి దిగిపోతుంది" అన్నాడు పొడుగు.

సోమవారం పనికి వెళ్లేముందు నొక్కింది. ముప్పై ఒక్క గంట పడుతుందని చూపించింది. సాయంత్రం వచ్చి చూస్తే గంటలూ లేవు, ఆటా లేదు, జాబితాలో ఆ పేరే లేదు. మొదటికి వచ్చింది.

"ఏమైందండీ దీనికి?" అంది.

"ఏమో. ఆగిపోయినట్టుంది" అన్నాడు ఆయన కిటికీలోంచి చూస్తూ.

సరే, ఇది కూడా కొత్త జోడు లాంటిదే అనుకుంది అద్దాలక్క. ముందుగా నెట్ డబ్బా, గేమ్ బాక్సు రెండూ ఆర్పి, పది నిమిషాలాగి వెలిగించింది. మార్పు లేదు. నెట్ డబ్బా పక్కన ఫోను పెట్టి వేగం కొలిచింది, నలభై వచ్చింది. గేమ్ బాక్సులోంచి కొలిస్తే మూడు. అంటే దోషం బయట లైనులో లేదు, ఇంట్లోనే ఎక్కడో ఉంది. డబ్బాకీ బాక్సుకీ మధ్య ఏముందని చూస్తే పడగ్గది గోడకి ఆనించిన ఇనప బీరువా. పెళ్లినాటి బీరువా కదల్చడం ఆవిడ వల్ల కాలేదు. అందుకని మర్నాడు ఒక పొడవాటి వైరు తెచ్చి, డబ్బా నుంచి గుమ్మం మీదుగా బాక్సుదాకా లాగి, మేకులు కొట్టి బిగించింది. ముప్పై ఒక్క గంట కాస్తా ఆరు గంటలకి దిగింది. సుత్తి పట్టుకుని స్టూలు మీదే నిలబడి నవ్వింది. "చూశారా!" అంది. ఆయన చూశాడు.

రాత్రిళ్లు దాని చప్పుడుకి నిద్ర పట్టదని ఆయనంటే బాక్సు ఆర్పేసి, పొద్దున్నే నొక్కి వెళ్లేది. బుధవారం సాయంత్రం మళ్లీ ఏమీ లేదు.

జాగా చాల్లేదేమో అనుకుంది. "పాత ఆటలు తీసెయ్యనా?" అని అడిగితే "తీసెయ్" అన్నాడు, ఏ ఆటలని కూడా అడగలేదు. అన్నీ తీసేసింది. గంటసేపు ఎవరూ ముట్టుకోకపోతే బాక్సు దానంతటదే నిద్రపోతుందని, నిద్రపోతే దింపడం ఆగిపోవచ్చని దుకాణంలో ఎవరో చెబితే, ఆ సెట్టింగు వెతికి మార్చింది. వేడెక్కి ఆగిపోతోందేమోనని టీవీ అరలోంచి బయటికి తీసి, గాలి తగిలేలా స్టూలు మీద పెట్టింది. ఫోను నెట్ వాడుకుంటోందని ఇంట్లో ఉన్నంతసేపూ దాని నెట్ ఆపేసింది. కుడి చేత్తో సుత్తి, ఎడం చేత్తో గరిట పట్టుకుని తిరుగుతున్నట్టుంది ఆవిడ పని. తల ప్రాణం తోకకొచ్చింది. బాక్సు మాత్రం రోజూ సాయంత్రానికి ఖాళీ.

ఆదివారం ఇంట్లోనే ఉంది. బట్టలుతుకుతూ పది నిమిషాలకోసారి తడిచేతులతో వచ్చి చూసింది. ఇరవై శాతం, నలభై, అరవై ఐదు. ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నం పొడుగూ గుమస్తా వచ్చారు.

"ఎంతవరకొచ్చింది వదినా? వారమైంది. మా ఆవిడ కాన్పు కూడా ఇంత ఆలస్యం కాలేదు" అన్నాడు గుమస్తా.

"ఇవాళ దిగిపోతుంది, చూడండి. వచ్చే ఆదివారం మీ ఇద్దర్నీ చితక్కొడతారు" అంది అద్దాలక్క.

ఇద్దరూ గట్టిగా నవ్వారు, అవసరమైనదానికంటే గట్టిగా. ఆయన కూడా నవ్వాడు. వాళ్లు వెళ్లాక, ఎనభై దాటిందని చూసుకుని, మందులషాపుకి వెళ్లింది. వెళ్లి రావడానికి అరగంట పట్టిందేమో. తిరిగొచ్చేసరికి మళ్లీ మొదటికి.

మందుల సంచీ బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. చిన్న విషయానికి ఏడుస్తున్నానని తెలుసు. ఏడాదిగా పెద్దవాటికి ఏడవలేదు, ఇప్పుడు దీన్ని సాకు చేసుకుని అన్నీ బయటికొచ్చాయి.

"ఎందుకే అంత కష్టపడతావు? వదిలెయ్యి" అన్నాడాయన గుమ్మంలో నిలబడి.

తన మీద జాలితో అంటున్నాడనుకుంది. ఆ మాటతో పట్టుదల ఇంకా పెరిగింది.

నెట్ కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేస్తే మెకానిక్కు వచ్చాడు. ఆవిడ పనికి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. అతను వైరు పీకి తన మిషనుకి తగిలించి చూశాడు, గుమ్మం మీది వైరంతా వేలితో తడుముకుంటూ వెళ్లాడు. "ఈ వైరింగు ఎవరు చేశారక్కా?" అని అడిగాడు.

"నేనే."

"మావాళ్లకన్నా నీటుగా ఉంది. లైను కూడా బ్రహ్మాండంగా ఉంది. నాకేం తప్పు కనపడ్డంలేదు." అంటూనే కంట్రోలర్ అందుకుని బాక్సులో ఏవేవో పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. "ఇదిగో, దీంట్లో ఎప్పుడెప్పుడు ఏం జరిగిందో రాసి ఉంటుంది. అక్కా, ఇది లైను తెగి ఆగింది కాదు. ఎవరో నొక్కి రద్దు చేశారు."

"ఎన్నిసార్లు?"

"అన్నిసార్లూనూ. ఊరికే ఆపడం కాదు, రద్దే. అందుకే జాబితాలో ఉండట్లేదు."

"టైములున్నాయా?"

చదివాడు. సోమవారం తొమ్మిదీ యాభై. మంగళవారం పదీ ఐదు. బుధవారం తొమ్మిదీ నలభై. ఆవిడ ఇంట్లోంచి బయల్దేరేది తొమ్మిదిన్నరకి. ఆదివారం నాలుగూ పది దగ్గరికి వచ్చేసరికి ఇంక చదవొద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. కిటికీ దగ్గర కుర్చీలో ఆయన వీపు కనిపిస్తోంది. ఆ వీపు కదల్లేదు. వింటున్న మనిషి వీపు అది.

"నేనే పొరపాటున ఏదో నొక్కి ఉంటాను. శ్రమ ఇచ్చాను మీకు" అంది. మెకానిక్కు ఆవిడ వంకా కుర్చీ వంకా చూశాడు. కాగితం మీద 'లైను బాగుంది' అని రాసి, సంతకం పెట్టించుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

తలుపు వేసి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎందుకని అడగాలి. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఏ చేత్తో నొక్కారు?"

ఆ ప్రశ్నలో ఉన్న ఆశ ఆయనకి అర్థమైంది.

"ఎడం చేత్తో" అన్నాడు.

తర్వాత ఆయనే చెప్పాడు. ఫిజియో అమ్మాయి ఆ మాటన్న మర్నాడే, ఆవిడ పనికి వెళ్లాక, పాత ఆట పెట్టుకుని చూశాడట. కంట్రోలర్ కుడిచేతిలో నిలవలేదు. ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద పెట్టి ఆడాడు. బంతి కాళ్ల దగ్గరే ఉంది, బొటనవేలు దాని మీదే ఉంది, కదల్లేదు. అవతల మిషను ఆడే జట్టు వచ్చి బంతి పట్టుకుపోయింది.

"మిషను కాబట్టి పట్టుకుపోయింది. వాళ్లయితే వదిలేస్తారు. పొడుగు బంతి నా కాళ్ల దగ్గరికి తెచ్చి పెడతాడు. గుమస్తా కావాలని పక్కకి కొడతాడు. నేను గెలుస్తాను. అందరూ చప్పట్లు కొడతారు. నువ్వు కూడా." ఆగాడు. "గ్లాసులు పట్టుకుని అలా కూర్చున్నా భరించగలను. అది చూడలేను."

"మరి నాకు చెప్పొచ్చుగా? వైరు లాగుతుంటే చూస్తూ కూర్చున్నారే!"

"ఎలా చెప్పను? ఆ వైరు లాగిన రోజు నువ్వు నవ్వావు."

కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. రాలేదు. వచ్చుంటే పోట్లాడుకుని తేలికపడేవాళ్లు. లేచి బియ్యం కడగడానికి వెళ్లింది.

ఆదివారం పొడుగు గుమ్మంలోంచే అడిగాడు, "దిగిందా వదినా?"

"లేదు తమ్ముడూ. మా నెట్ ఇంకా సరిగ్గా రావట్లేదు."

రెండు వారాలు అదే మాట. మూడో వారం అతను సంతోషంగా మెట్లెక్కి వచ్చి, "ఇంక నీ నెట్‌తో పనిలేదు. మా ఇంట్లో బాక్సులో ఆట దిగి ఉంది. ఆ బాక్సే పట్టుకొచ్చేస్తా, కింద బండిలో ఉంది" అన్నాడు.

ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వద్దు తమ్ముడూ. తేవద్దు."

"అదేంటి? ఐదు నిమిషాల పని."

"మాకు ఆటలొద్దు. గోల. ఆయనకి విశ్రాంతి కావాలి."

పొడుగు మొహం వాడిపోయింది. ఇంతెత్తు మనిషి గుమ్మం కింద కుంచించుకుపోయాడు. "మేం రావడమే నీకు ఇష్టంలేనట్టుంది వదినా. ముందే చెబితే పోయేది" అన్నాడు. అసలు సంగతి చెప్పేస్తే అతను కింద కూలబడి ఏడ్చేవాడని ఆవిడకి తెలుసు. చెప్పేస్తే భర్తని నిలువునా ఒలిచి గుమ్మంలో పెట్టినట్టేననీ తెలుసు. నోరు మూసుకుంది. అతను మెట్లు దిగి వెళ్తుంటే మళ్లీ పిలుద్దామని రెయిలింగుదాకా వెళ్లి, ఆగిపోయింది.

పొడుగు మళ్లీ రాలేదు. గుమస్తా రెండుసార్లు వచ్చాడు, తర్వాత ఫోన్లు చేశాడు, తర్వాత అవీ లేవు. యార్డులో ఆవిడ గురించి ఏమనుకుంటున్నారో గుమస్తా భార్య దుకాణానికి జోడు బాగుచేయించుకోవడానికి వచ్చినప్పుడు తెలిసింది. ఆమె అద్దాలక్కని పలకరించకుండా, ముందు గదిలోనే పని ముగించుకుని వెళ్లిపోయింది. వెనక గది తలుపు తెరిచే ఉంది.

ఏడాది తిరిగాక ఫిజియో అమ్మాయి కూడా, "ఇంక పెద్దగా మార్పు ఉండకపోవచ్చండీ. ఉన్నది పోకుండా చూసుకుంటే చాలు" అని రావడం తగ్గించింది.

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం అద్దాలక్క బట్టలు మడతపెడుతోంది. ఆయన కిటికీ దగ్గరున్నాడు. వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడైతే తొంగి చూసి, మళ్లీ వెనక్కి వాలాడు.

"వాళ్లు ఇంక రారా?" అన్నాడు.

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"నువ్వు ఏం చెప్పావు వాళ్లకి?"

"గోల వద్దన్నాను. మీకు విశ్రాంతి కావాలన్నాను."

ఆయన ఆవిడ వంక చూశాడు. నిజం చెప్పనందుకు మెచ్చుకుంటున్నాడో, చెప్పి ఉంటే బాగుండేదనుకుంటున్నాడో ఆ మొహంలో తెలియలేదు. ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి, ఒళ్లో కాస్త పక్కకి జరిపి పెట్టుకున్నాడు.

"పొడుగు నమ్మాడా?"

"నమ్మాడు" అంది ఆవిడ.