మంత్రి కూతురు అనని మాటలు

ఆ కొరియా సినిమా చూసి ఆర్నెల్లయింది. దాని మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.

మా అమ్మాయికి ఆ సినిమాల పిచ్చి. కాలాపేట యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది, రానూ పోనూ బస్సులో ఫోన్ నిండా అవే. ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒకటి పెట్టింది. రాజుల కాలం కథ. ప్రేమా ఉంది, హత్యలూ ఉన్నాయి. అప్పటికే మా అమ్మ కిరుమాంబాక్కం నుంచి బస్సెక్కి వచ్చి కూర్చుని ఉంది. వైరు బుట్టలో మల్లెపూలు, అరటిపండ్లు, తమలపాకులు తెచ్చింది. ఎందుకొచ్చిందో మాకిద్దరికీ తెలుసు. నా తమ్ముడికి నా కూతుర్ని ఖాయం చేసుకుని, సాయంత్రం అయ్యరు దగ్గర ముహూర్తం పెట్టించుకుని పోవాలని వచ్చింది.

మేనమామకు పిల్లనివ్వడం మా వాళ్లలో తరతరాల ఆచారం. నా మొగుడూ నాకు మేనమామే, మా అమ్మకు సొంత తమ్ముడు. అంటే కన్నతల్లే నాకు ఆడబిడ్డ కూడా. అత్తింటి మీద పుట్టింట్లో చెప్పుకుందామన్నా దారి లేదు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, బీయస్సీ రెండో ఏడు. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయి, అందరూ కాఫీలు తాగుతున్నారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. అంతే, నా పెళ్లి కుదిరింది. ఆయన మంచివాడే. ఆ మాట అందరికన్నా ముందు మా అమ్మే అంటుంది, నేనేదో కాదన్నట్టు. ఆ ఆదివారం ఆయనకు మేట్టుపాళయం ఫ్యాక్టరీలో షిఫ్టు. ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్లమే.

సినిమాలో మాటలు కొరియన్‌వి, కింద తెలుగు అక్షరాలు పడుతున్నాయి. మాది ఎన్నో తరాలుగా పుదుచ్చేరిలో ఉంటున్న తెలుగు ఇల్లు. మాట్లాడటం అందరికీ వచ్చు, చదవడం ఒక్కరికీ రాదు. పెళ్లయ్యాక పంతం పట్టి నేర్చుకున్నది నేనొక్కదాన్నే. అందుకని ఏ దేశం సినిమా వచ్చినా కింది అక్షరాలు చదివి, ఆ పుస్తకాల తెలుగును మా ఇంటి తెలుగులోకి దించి అమ్మకు చెప్పడం నా పని. "నిన్ను వీడి జీవించజాలను" అని పడితే, "నువ్వు లేకపోతే నాకు పొద్దే పోదు" అంటాను. అమ్మకు అలాగైతేనే ఎక్కుతుంది.

కథలో ఒక మంత్రి కూతురు, బొమ్మలు గీసే ఒక పేదవాడిని ప్రేమిస్తుంది. ఆమెను రాజుగారి తమ్ముడికి అడుగుతారు. వాడికి అంతకుముందు కట్టుకున్న ఇద్దరూ బావిలో శవాలై తేలారు. నాకు ఇష్టమేనంటూ ఆ పిల్ల ముద్ర వేసిన ఉత్తరం ఒకటి కోటకు చేరుతుంది. ఆమె ముద్ర వెయ్యనే లేదు. వేసిందెవరో బొమ్మలవాడు ఆరా తీస్తుంటాడు. అక్కడిదాకా బాగా తీశారు, కాదనను. మంచు, పట్టుబట్టలు, కాగితం తలుపుల మీద కదిలే నీడలు, రెప్ప వెయ్యలేం.

అమ్మ పూర్తిగా మునిగిపోయింది. ఆ నల్లటోపీ వాడే ముద్ర దొంగిలించుంటాడని నాతో పందెం కూడా వేసింది. పల్లకీ కోటలోకి పోతుంటే కొంగుతో కళ్లొత్తుకుంటూ, "పావం, ఆ బిడ్డను ఒక మాటన్నా అడగలేదే" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కడుపున పుట్టినదాని కోసం తడవని కొంగు, ఊరూ పేరూ తెలియని కొరియా పిల్ల కోసం తడిసిపోతోంది! పక్కనే పూలబుట్ట పెట్టుకుని మరీ ఏడుస్తోంది. నోటిదాకా వచ్చిన మాట మింగి, చదవడం సాగించాను.

చివరికి తేలిందేమిటంటే, ముద్ర వేసింది ఆ పిల్ల కన్నతల్లి. బావిలో పడి చావబోయి బయటపడ్డ పిల్ల, తడిబట్టలతో వచ్చి తల్లి ముందు నిలబడింది. ఇప్పుడైనా కడిగేస్తుంది కదా అని నేను ముందుకు జరిగాను. కింద పడ్డది రెండే మాటలు: "క్షమించాను అమ్మా." వెంటనే మంచు, వెంటనే సంగీతం. ఇంక మనం ముక్కు చీదుకుని లేచిపోవాలన్నమాట. ఎవడండీ రాసింది ఆ ముగింపు? వాడినెవరైనా అడగకుండా పల్లకీ ఎక్కించారా?

అమ్మ ఆత్రంగా అడిగింది. "ఏమంటుండాది?"

"నన్నొక మాట అడిగుంటే నీ సొమ్మేం పోయుండేది అంటుండాది. చదువు ముగించుకోనీ అని చెప్పుంటాను కదా అంటుండాది. నువ్వు నా చేతికి కాఫీ గ్లాసిచ్చి ఊరుకున్నావు అంటుండాది."

మా అమ్మాయి చటుక్కున నా వైపు తిరిగింది. దానికి నాలుగు కొరియన్ ముక్కలు తెలుసు.

అమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఆ పిల్ల నోరు కదిలింది రెండు మాటలకే కదే" అంది. మళ్లీ తనే, "ఆ తల్లి ఏం బదులు చెప్పింది?" అని అడిగింది.

తెర మీద తల్లి నేల మీద పడి ఏడుస్తోంది. కింద అక్షరాలేమీ లేవు.

"ఏం చెప్పలేదు. నువ్వు చెప్పు" అన్నాను.

అమ్మ కొంగు అంచు మడిచింది. "అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు" అంది.

తెలిసే. ఇరవై మూడేళ్లుగా నేను నాకు చెప్పుకున్నది వేరు. పాపం అమ్మకు తోచలేదేమో, ఆ రోజులే అలాంటివేమో అని సర్దుకున్నాను. ఆ సాకు కూడా నాకు మిగల్చలేదు. నేను నోరు తెరిచేలోపే ఆమె మనవరాలి వైపు తిరిగింది.

"మీ మామను చేసుకునేదానికి ఇష్టమేనా నీకు?"

"వద్దవ్వా."

అమ్మ తలాడించి, ఫోన్ తీసి నా తమ్ముడికి చేసి, వేరే సంబంధం చూస్తామని చెప్పింది. తర్వాత మల్లెపూలు తీసి పిల్ల జడలో పెట్టింది. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరి పరువూ పోలేదు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టిందేమో.

నా కూతురు బయటపడింది. సంతోషం లేక కాదు. కానీ ఆ రెండు నిమిషాలు చూశాక అక్కడ కూర్చోలేకపోయాను. వంటింట్లోకి పోయి పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఇంత సులువా, ఇంత సులువైనదాన్నా నాకు ఇవ్వలేదు అని పళ్లు కొరుక్కుంటూ ఏడ్చాను.