లైనులో మొదటి మనిషి

లైను కనిపిస్తే మేనత్తకి కాళ్లు ఆగవు. అది దేనికోసమో, ఆ చివర ఏమిస్తారో, అసలు ఇచ్చేవాడున్నాడో లేడో ఆవిడకి అనవసరం. ముందు వెళ్లి నిలబడుతుంది. నిలబడి ఊపిరి పీల్చుకున్నాక, ముందున్న మనిషిని, "ఇది దేనికండీ?" అని అడుగుతుంది. ఈ పద్ధతిలో ఆవిడ ఇప్పటికి మూడుసార్లు కంటిపరీక్ష చేయించుకుంది. ఒకసారి రక్తదానానికి పేరిచ్చి, వయసు మీరిందని తిప్పి పంపితే పోట్లాడి వచ్చింది. ముక్కూ మొహం తెలియని వాళ్ల పెళ్లిలో వధూవరుల పక్కన ఫొటో కూడా దిగింది. ఆ ఫొటోలో పెళ్లికూతురికంటే ఆవిడ మొహమే ఎక్కువ వెలిగిపోతోందని చూసినవాళ్లు చెబుతారు.

ఇంట్లో పిల్లలు ఆవిడకి లైనత్త అని పేరు పెట్టారు. కోప్పడుతుందేమోనని భయపడ్డారుగానీ, అత్త మురిసిపోయింది.

ఈ పిచ్చికి మూలం లేకపోలేదు. అత్త బస్సు డిపోలో రిజర్వేషన్ కిటికీ వెనక ముప్ఫై ఏళ్లు పనిచేసింది. ముప్ఫై ఏళ్లూ ఆవిడ చూసిందల్లా కన్నంలోంచి దూసుకొచ్చే చేతులు, విన్నదల్లా ఆ చేతుల వెనక అరుపులు. రిటైరైన మర్నాడే వెళ్లి, తన పాత కిటికీ ముందు లైన్లో నిలబడిందట. "ఎక్కడికమ్మా టికెట్టు?" అని కొత్త గుమాస్తా అడిగితే, "ఎక్కడికీ వద్దు నాయనా, ఇటునుంచి ఎలా ఉంటుందో చూద్దామని" అందట.

ఒక్క సంగతే ఎవరికీ అంతుపట్టేది కాదు. ఆస్పత్రి చీటీకోసం తెల్లారగానే పరుగెత్తి, అందరికన్నా ముందు నిలబడ్డ మనిషి, మధ్యాహ్నం మూడింటికి అందరికన్నా ఆఖరున ఇల్లు చేరేది. "అంతసేపు ఏం చేశావే?" అని అన్నగారు గుడ్లురిమితే, "లైన్లో ఉన్నాగా!" అనేది.

అలాంటి మనిషిని తోడు తీసుకుని మేనకోడలు విమానాశ్రయానికి బయలుదేరింది. పాత పుస్తకాలకి అతుకులు వేసి, అట్టలు కట్టే విద్య నేర్చుకున్న పిల్ల. రెండేళ్లుగా అర్జీలు పెట్టగా పెట్టగా వేరే ఊళ్లోని పెద్ద గ్రంథాలయం నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఉన్నది ఒక్క ఉద్యోగం. మర్నాడు ఉదయం పదిన్నరకి హాజరు కావాలి, ఆలస్యమైతే లోపలికి రానివ్వం అని ఉత్తరంలో కింద గీత గీసి మరీ రాశారు. ఆడపిల్ల ఒక్కతే వెళ్లడమేమిటని ఇంట్లో ఎవరూ అనలేదు. ఆ మాట అత్తే అని, అత్తే పెట్టె సర్దుకుంది.

తొమ్మిదింటికి ఎగరాల్సిన విమానం అరగంట ఆలస్యమన్నారు. అరగంట తర్వాత ఇంకో అరగంట అన్నారు. ఇలా ఏడు అరగంటలు గడిచాక, సాంకేతిక కారణాలవల్ల విమానం రద్దు, అసౌకర్యానికి చింతిస్తున్నామని మైకులో ఒక గొంతు చెప్పింది. ఆ గొంతులో చింత వెతికినా దొరకలేదు. సాయంత్రం విమానంలో కొన్ని సీట్లున్నాయి, ఎన్నో తెలియదు, మూడో కౌంటర్ దగ్గర అడగండి అని దాని సారాంశం.

ఆ వాక్యం పూర్తయ్యేలోపే అత్త మూడో కౌంటర్ ముందుంది. ఆవిడ వెనక మేనకోడలు, మేనకోడలి వెనక ఎనభై మంది.

కౌంటర్లో ఎవరూ లేరు.

మేనకోడలు ఎందుకైనా మంచిదని కంపెనీ వాళ్ల సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. పాట వచ్చింది. పాట మధ్యలో మీ కాల్ మాకెంతో ముఖ్యం అన్నారు. మళ్లీ పాట. నలభై నిమిషాలు చెవి కాలిపోయాక ఫోన్ అత్తకి అందించింది.

"ఏమంటున్నారే?"

"మన కాల్ వాళ్లకి ఎంతో ముఖ్యమట."

"అంత ముఖ్యమైతే ఎత్తరేం?" అంది అత్త.

ఇంతలో మెడలో కార్డు వేలాడేసుకున్న మేనేజరు వచ్చి, "దయచేసి సహకరించాలి" అన్నాడు. ఎవరో ఏదో అడగబోతే ఆయన ఫోన్ మోగింది. చెవికి పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఫోన్‌లో అవతల ఎవరూ లేరని అత్త గట్టి నమ్మకం. "నేనూ చేసేదాన్ని ఇలాగే, మా రోజుల్లో ల్యాండ్‌లైను" అంది.

తర్వాత కౌంటర్ మూడు కాదు, పదకొండు అన్నారు. ఎనభై మంది ఒక్కసారి పరుగు లంకించుకోబోతే అత్త రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. "ఆగండి! ఎవరి వెనక ఎవరో చూసుకోండి. అలాగే నడవండి!" అని కేకేసింది. సూట్లు, చంకబిడ్డలు, చక్రాల పెట్టెలు అన్నీ బడిపిల్లల్లా వరసగా ఆ పొడవాటి హాలు దాటాయి. దార్లో కాఫీ కొట్టు ముందు ఖాళీగా ఉన్న ఇద్దరు, ఇదేదో బాగుందని వెనక చేరారు. మేనకోడలు తలొంచుకుని, వీలైనంతవరకు అత్తకి ఏమీ కానట్టు నడిచింది.

పదకొండో కౌంటర్లోనూ ఎవరూ లేరు. అప్పుడు మొదలుపెట్టింది అత్త అసలు పని.

"మీకేం తొందర?" అంటూ లైను పొడుగునా ఒక్కొక్కరినే అడుగుతూ నడిచింది. తోక దగ్గర కంటికి కట్టు కట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. కుట్లు విప్పించుకోడానికి ఈ రాత్రికే డాక్టరు రమ్మన్నాడట. "మీరెళ్లి నా చోట్లో నిలబడండి అన్నయ్యగారూ" అని పంపించేసి, తను ఆయన చోట్లో తన సంచీ పెట్టింది. మొదటి మనిషే ఆఖరికి పోయాక ఇంకెవరు నోరెత్తగలరు? తండ్రి ఆస్పత్రిలో ఉన్న కుర్రాణ్ణి ముందుకి జరిపింది. చంటిపిల్ల తల్లిని జరిపింది. సూటు వేసుకున్న ఒకాయన దగ్గర ఆగింది.

"మీకేం పని అక్కడ?"

"బావమరిది పుట్టినరోజండీ."

"బావమరిది వచ్చే ఏడాదీ పుడతాడు. కాస్త వెనక్కి నడవండి."

ఆయన సిగ్గుపడుతూ నడిచాడు. మేనకోడలికి మాత్రం సిగ్గు బదులు ఏడుపొచ్చింది. ఎందుకంటే రెండో స్థానంలో ఉన్న తను జరిగి జరిగి ఇరవయ్యో స్థానానికి వచ్చింది.

"అత్తా! నా ఇంటర్వ్యూ!"

"తెలుసే. నీది రేపు పదిన్నర. వాళ్లది ఇవాళ."

"సీట్లు అయిపోతే?"

అత్త చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆఖరికి వెళ్లి తన సంచీ పక్కన నిలబడింది. ఆస్పత్రి నుంచి మూడింటికి ఎందుకొచ్చేదో మేనకోడలికి అప్పుడు తెలిసింది. తెలిసినందుకు సంతోషించే స్థితిలో లేదు.

చివరికి కౌంటర్లోకి ఒక అమ్మాయి వచ్చింది. ఉదయం నుంచి నాలుగు విమానాలవాళ్లు తిట్టగా మిగిలిన అమ్మాయి. పొద్దుటి టిఫిను డబ్బా మూత కూడా తీయకుండా కంప్యూటర్ పక్కనే ఉంది. అయినా పని చకచకా సాగింది. కంటికట్టు పెద్దాయనకి సీటు దొరికింది, కుర్రాడికి దొరికింది, చంటిపిల్ల తల్లికి దొరికింది. పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. మేనకోడలు తన కాగితం బల్లమీద పెట్టింది.

"సారీ అండీ, సీట్లు అయిపోయాయి" అంది అమ్మాయి.

మేనకోడలు గీత గీసిన ఆ ఉత్తరం తీసి చూపించింది. అప్పుడు, తనకి ఊహ తెలిశాక మొదటిసారిగా, అత్త లైను తప్పి ముందుకి రావడం చూసింది. వచ్చి బల్లమీదికి వంగి, ఎవరికీ వినబడకుండా మాట్లాడింది.

"ఇంకొక్కటి ఉంటుంది తల్లీ, చూడు."

"లేదమ్మా, స్క్రీన్ మీద..."

"స్క్రీన్ మీద ఉండదు. పైనుంచి ఎవరో ఫోన్ చేస్తారని పక్కన పెడతారు. ముప్ఫై ఏళ్లు నేనూ పెట్టాను. ఎవరూ చెయ్యని రోజున ఆ సీటు ఖాళీగానే వెళ్లిపోయేది. అలా ఖాళీగా పంపినవన్నీ నాకు ఇప్పటికీ గుర్తే."

అమ్మాయి మొహం ఎర్రబడింది. "మేనేజరుగారు అడిగితే?"

"ఆయన్ని పట్టుకోడానికి మాకు పొద్దుట్నుంచి సాధ్యం కాలేదు. ఆయనొచ్చి నిన్ను అడిగేసరికి ఇది వెళ్లి ఉద్యోగంలో చేరి రిటైరవుతుంది."

అమ్మాయి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏవో నాలుగు మీటలు నొక్కింది. యంత్రంలోంచి బోర్డింగ్ పాస్ బయటికొచ్చింది. ఒక్కటే.

"మరి నువ్వు?" అంది మేనకోడలు.

"నాకేం పని అక్కడ? నేను వచ్చిందే నీకు లైన్లో నిలబడ్డానికి. వెళ్లు, మళ్లీ ఇంకో లైనుంది."

మేనకోడలు అందరూ చూస్తుండగా అత్తని గట్టిగా వాటేసుకుని, పెట్టె లాక్కుంటూ పరుగెత్తింది. వెనక మిగిలిన అరవై మంది గొడవ మొదలుపెట్టారు. అంతలోనే అత్త గొంతు హాలంతా మోగింది. "నిశ్శబ్దం! అమ్మాయి పొద్దుట్నుంచి తినలేదు. తిని వచ్చి మీ రేపటి సీట్ల సంగతి చూస్తుంది. పావుగంట. ముప్ఫై ఏళ్లలో నన్ను ఒక్కపూట వేళకి తిననిచ్చిన పాపాన పోలేదు మీలాంటివాళ్లు. ఎవరైనా కదిలారంటే వరస పోతుంది!"

మేనకోడలు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ కదల్లేదు. కౌంటరమ్మాయి డబ్బా చేత్తో పట్టుకుని లోపలికి వెళ్తోంది. బావమరిది పుట్టినరోజాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం అత్తకి ఫోన్ వచ్చింది.

"అత్తా, ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరమన్నారు."

"రాక ఏం చేస్తుంది! ఎంతమంది వచ్చారే?"

"పదహారు మంది. నాది మూడో నంబరు. కానీ..."

"కానీ ఏమిటి?"

"ఆఖర్న వెళ్లాను. ఒకావిడ చంటిపిల్లని వరండాలో ఎవరికో అప్పగించి వచ్చింది, అది ఒకటే ఏడుపు. ఇంకొకాయనకి బస్సు టైమైపోతోంది. ఇలా అందరికీ ఏదో ఒక తొందరే. సరే, వెళ్లండి అన్నాను."

అంతే, అత్త విరుచుకుపడింది. "నీకు మతిగానీ పోయిందా? ఉన్నదొక్క ఉద్యోగం! దానికోసం వెళ్లి వరస వదులుకుంటారుటే ఎవరైనా? వాళ్లల్లో ఎవరో ఒకరికి ఇచ్చేసి ఉంటే ఏం చేసేదానివి? ఇంత లోకజ్ఞానం లేకపోతే ఎలా బతుకుతావే నువ్వు? ఎవరి పోలికో ఏమో!"

మేనకోడలు నవ్వాపుకుంటూ అంతా విన్నది. తిట్లన్నీ అయిపోయాక అత్త ఊపిరి పీల్చుకుంది.

"మరి ఆ చంటిది ఊరుకుందా?" అని అడిగింది అత్త.