పొన్నంకి పిట్ట దిగే మూల

మా టీచరమ్మ పోయారన్న మాట విరుదునగర్‌లో, కళాశాల మెట్లు దిగుతుండగా ఫోన్‌లో విన్నాను. కోవిల్‌పట్టి బడిలో నాకు జీవశాస్త్రం చెప్పినవారు ఆవిడ. పక్షుల అధ్యయనం నా వృత్తి కావడానికి కారణమూ ఆవిడే. నేను చేరేసరికి అంత్యక్రియలు ముగిశాయి.

ఉద్యోగ విరమణ తరువాత ఆవిడ సాయంత్రాలు ఊరి అంచునున్న మునిసిపల్ పార్కులోనే గడిచాయి. పిల్లల ఉయ్యాలలు దాటాక, ప్రహరీ పక్కన ముళ్ళపొదలూ రాలిన ఆకులూ నిండిన ఒక మూల ఉండేది. చలికాలానికి ఉత్తరాది నుంచి వచ్చే పొన్నంకి పిట్ట అక్కడ దిగేది. పొద్దు వాలే వేళ కూస్తుంది గనుక ఊళ్ళో దాన్ని ఆరుమణి కురువి, అంటే ఆరుగంటల పిట్ట, అంటారు.

ఏ పక్షి పేరు అడిగినా ఆవిడ వెంటనే చెప్పేవారు కారు. "ముందు చూడు కన్నూ. పేరు తెలిసిందంటే చూసేది నిలిపేస్తావు" అనేవారు. ఈ పక్షిని శాస్త్రలోకం కూడా మన తెలుగు మాటతో 'పిట్ట' అనే పిలుస్తుందని నేను చెప్పిన రోజున మాత్రం చాలాసేపు నవ్వారు. "మనింటి మాట ఎంత దూరం పోయుండాది చూడు!"

ఆ మూలను శుభ్రం చేయించాలని నడకకు వచ్చేవారి పట్టు. వారిలో పెద్దాయన, ఒకప్పుడు మిరపకాయల మండి నడిపినవారు, ఏటా ఆ మాట కదిపేవారు.

"ఏం టీచర్, ఈ కుప్పకి ఇంకా ఎన్నాళ్ళు కావలుంటారు? పాము వస్తే ముందర మిమ్మల్నే పలకరిస్తాది!"

"కుప్ప కాదన్నా, పంతి. ఆకుల కింద దానికి పురుగులుండాయి. తింటా ఉండేవాళ్ళ ముందర ఇస్తరి ఎత్తేస్తారా?"

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. ఆ ఏటికి మూల మిగిలేది.

కర్మ జరిగిన సాయంత్రం పార్కుకు వెళ్ళాను. పొదలు లేవు. ఆకు ఒక్కటి లేదు. పెద్దాయన ఎదురొచ్చారు.

"టీచర్ కూర్చునే తావు కదమ్మా. మేమందరమూ చేరి సుత్తం చేసినాము. పేరు రాసి ఒక బెంచి వేస్తాము. నల్లా ఉండాదా?"

ఆయన అరచేతుల్లో ముళ్ళు గీసిన గాట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"బాగుండాది మామా. బెంచి వేయండి. ఇంక రాలే ఆకుల్ని మాత్రం ఊడ్చొద్దు."

ఆయన నేల వైపు చూశారు. "అయ్యో" అన్నారు.

వెలుగు పూర్తిగా పోకముందే పిట్ట ప్రహరీ మీది నుంచి దిగింది. చీపురు గీతలు పడిన నల్లనేల మీద కొంచెం గెంతింది. ముక్కుతో తిరగవేయడానికి ఏదీ లేక, పొట్టి తోకను మెల్లగా ఆడిస్తూ అక్కడే నిలబడింది.