బావమరిది బీరు, నా పెరుగు

మొన్న శనివారం ఇక్కడ జర్మనీలో, బ్యోబ్లింగెన్‌లో మా ఆఫీసు సహోద్యోగి ఒకాయన తన ఇంటి తోటలో, స్వయంగా చేసిన పుల్లటి గోధుమ బీరు నాకూ మా ఆవిడకూ గ్లాసుల్లో పోసిచ్చాడు. గుక్క దిగీ దిగకముందే నాకు మా బావమరిది గుర్తొచ్చాడు. వాడితో పాటు పాత కుళ్లూ గుర్తొచ్చింది.

అప్పట్లో వాడు క్లాస్తాల్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. మేమేమో బ్లూ కార్డు వీసా మీద కొత్తగా దిగి, ఆన్‌మెల్డుంగ్‌కి, అంటే ఇంటి చిరునామా నమోదుకి, ఓ టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికితే పండగ చేసుకునే రోజులు. మా ఆవిడ ఆఫీసు దూరం, అందుకని వంట నాది. వంట మొత్తంలో నేను గర్వపడేది పెరుగు విషయంలో. ఇక్కడి డబ్బా పెరుగు నచ్చక, ఓ తెలుగువాళ్లింటి నుంచి తోడు తెచ్చి, చలికాలంలో గిన్నెకు నా మఫ్లర్ చుట్టి హీటర్ పక్కన పెట్టేవాణ్ణి. ఆవిడ ఒక ముద్ద కలుపుకుని "పులిసింది" అనేది, అంతే. పెళ్లయినప్పటి నుంచి ఆవిడ నోట "బాగుంది" అన్న మాట వినాలని నా ఆశ. కూర కుదిరిన రోజు ఏమీ అనకుండా తినేది. అదే మెప్పనుకుని సర్దుకునేవాణ్ణి.

ఓసారి సెలవులకొచ్చిన బావమరిది వెళ్తూ వెళ్తూ చిన్న డబ్బాలో తోడు అడిగి పట్టుకెళ్లాడు. నా పెరుగు విలువ తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడని మురిసిపోయాను. మళ్లీ ఎండాకాలంలో వచ్చి, స్వెట్టర్లలో చుట్టిన బీరు సీసాలు బ్యాగులోంచి తీశాడు. హాస్టల్ వంటింట్లో గోధుమ మాల్టు ఉడకబెట్టి తనే చేశాడట. మూత తీయగానే బుస్సుమంది. కుండలో పులిసిన గంజి మీది తేటలా, నాలుక అంచులు జివ్వుమనేలా ఉంది. నిజంగా బాగుంది, అదే నా బాధ. ఎప్పుడూ ఒక్క గుక్కతో ఆపేసే మా ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, "మస్తుందిరా. ఏం పులుపురా ఇది" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్ల నా వంటకు రాని మాట వాడి ఒక్క సీసాకు వచ్చింది. ఆవిడ ఇంకో గ్లాసు కూడా పోయించుకుంది. నేను ముఖం గంటు పెట్టుకుని పొయ్యి దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తూ నిలబడ్డాను. అది చూసి జాలేసిందో ఏమో, వాడు అసలు సంగతి చెప్పాడు.

"గా పులుపు నీదే బావా. నువ్విచ్చిన తోడేసే పులియబెట్టిన."

కేసు గెలిచినవాడిలా ఆవిడ వంక చూశాను.

"మరి నీ పెరుగు పులుపని నేను మొదటిసంది అంటలేనా" అంది, తమ్ముడి గ్లాసు అందుకుంటూ.

ఇప్పుడు వాడు హాంబర్గ్‌లో ఉద్యోగంలో పడి బీరు చేయడమే మానేశాడు. నేను మాత్రం ఆ తోడుతోనే ఇంకా పెరుగు తోడుపెడుతున్నాను. మొన్న తోటలో మా ఆవిడ రెండు గుక్కలు తాగి, తన తమ్ముడు చేసిందే బాగుండేదని నా చెవిలో చెప్పింది. ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకుని, పులిసిందంది. కాలం దేన్నయినా పులియబెడుతుంది కానీ, ఆ పులుపు ఎవరి పేరు మీద గుర్తుండాలో మాత్రం మా ఆవిడే నిర్ణయిస్తుంది.