మా పాప మూలుగ చుట్టూ ఐసు

దెయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. మాది శ్రీకాకుళం దగ్గర చేపలు పట్టే ఊరు. రేవులో ఆడవాళ్లు అలాంటి కథలు మొదలుపెడితే, పని చూసుకోండర్రా అని కసిరేదాన్ని. ఇది చదివి మీరు నన్ను కసిరినా నేనేమీ అనుకోను.

మా పాప జ్యోతికి ఎనిమిదేళ్లు. బ్లడ్ కేన్సర్. ఒక మందు మార్చారు, ఇంకోటి మార్చారు, ఏదీ పని చేయలేదు. చివరికి శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరుగారు ఒక పరీక్ష ఉందన్నారు. నడుము ఎముకలోంచి మూలుగ తీసి విశాఖపట్నం ల్యాబుకి పంపితే, అందులోని కేన్సర్ కణాలను బతికుండగానే ఒక్కో మందులో వేసి, దేనికి చస్తాయో చూస్తారట. ఆ మందే పాపకిస్తారు. కణాలు దారిలోనే చచ్చిపోతే ఇక పరీక్ష లేదు. మళ్లీ సూది గుచ్చి తీద్దామంటే పిల్లలో ఓపిక లేదు.

మూలుగ ఉన్న గొట్టాన్ని థర్మోకోల్ పెట్టెలో పెట్టి మా తమ్ముడు అప్పన్న చేతికిచ్చారు. ఎండ తగలనీయొద్దన్నారు. వాడు పెట్టె పట్టుకుని బస్టాండుకి వెళ్లాడు.

మిట్టమధ్యాహ్నం, వార్డులో ఉక్క. జ్యోతి ఉన్నట్టుండి గజగజా వణకడం మొదలెట్టింది. పెదాలు నల్లబడ్డాయి. దొరికిన దుప్పట్లన్నీ కప్పాను. నర్సమ్మ వచ్చి చూసి, జ్వరం లేదంది. ఓరి దేవుడా, పిల్ల చేతులు అప్పుడే ఐసులోంచి తీసిన చేపల్లా ఉన్నాయి.

"అమ్మా, సలేస్తంది. మావకి ఫోన్ సెయ్యి. ఐసు తీసీమను."

"ఏ ఐసే తల్లీ?"

"నా సుట్టూ ఉన్నాది గదే. తీసీమనే!"

ఏడుస్తూనే తమ్ముడికి ఫోన్ చేశాను. అప్పటికి బస్సు విశాఖ దారిలో రణస్థలం దాటింది.

"ఒరే, ఆ పెట్టెలో ఐసేసినావేటిరా?"

"ఏసినానక్కా. గొట్టం కనపడకండా కప్పీసినాను. ఎండ తగలకూడదన్నారు గదా. నీకెవులు సెప్పినారు?"

"తీసీరా బాబూ, నీ కాళ్లట్టుకుంటాను, తీసీ!"

బస్టాండుకి వెళ్లే దారిలో చేపల మార్కెట్లో ఆగి పెట్టెలో ఐసు పోయించుకున్నాడట. వాడి తప్పేముంది? పాడవకూడదంటే మా ఇళ్లలో తెలిసింది ఐసే. వాడు ఐసు పోయించిన సంగతి మాత్రం ఆసుపత్రిలో ఎవ్వరికీ తెలియదు, నాకూ తెలియదు.

వాడు బస్సు కిటికీలోంచి ఐసంతా పారబోశాడు. కాసేపటికి ఇక్కడ వణుకు తగ్గి పిల్ల నిద్రపోయింది.

కణాలు బతికే ఉన్నాయని, ఐసులో ఇంకాసేపుంటే పోయేవని ల్యాబువాళ్లు చెప్పారు. ఆ రోజు వార్డులో కనబడిన ప్రతివాళ్లకీ దండం పెట్టాను. నా కూతురు తనని తానే కాపాడుకుందని పొంగిపోయాను.

తర్వాత ఫలితం వచ్చింది. వేసిన మందులన్నిటినీ ఆ కణాలు తట్టుకున్నాయి. ఒక్కదానికీ చావలేదు. వానలు పడకముందే జ్యోతి వెళ్లిపోయింది.

ఆ గొంతు నా బిడ్డదే, తల్లిని, నాకు తెలుసు. కానీ గొట్టంలో ఉన్నది రోగం. చలికి ఏడ్చింది నా పిల్లో, ఆ రోగమో, ఆ రోజు నేను ఎవరిని కాపాడానో నాకిప్పటికీ తెలియదు.