వానలో ముంచిన సీసా

కాలుష్యం చూడవచ్చిన అధికారి గొడుగు కింద నిలబడి ఉండగానే, మా అత్త వాన కాలువలో సీసా ముంచి ఎర్రటి నీళ్లు పట్టి ఇచ్చింది. ఆయన వాటిని తిరిగి కాలువలోనే ఒంపేశాడు. వాన నీళ్లు కలిసిన నమూనా చెల్లదని, ఎండ కాసిన రోజు మళ్లీ వస్తానని తమిళంలో చెప్పాడు.

"వాళ్లు ఇడిసేదే వానలో గదా సారూ! ఎండలో వస్తే ఈడ దుమ్మే ఉంటాది. దాన్నే సీసాలో నింపుకోని పోండి," అంది అత్త తెలుగులోనే.

తొంభైల్లో మేము మద్రాసులోని వ్యాసర్పాడిలో ఉండేవాళ్లం. వీధి మొదట్లో ఉన్న అద్దకం కార్ఖానావాళ్లు రంగు నీళ్లను తొట్లలో దాచిపెట్టి, వాన మొదలవగానే కాలువలోకి వదిలేవారు. కాలువ పొంగి మా పెరటి బావిలోకి దిగేది. తాగడానికీ వంటకూ మాకు ఆ బావే ఆధారం. వాన వెలిసిన మర్నాడు అన్నం ఎర్రజీరతో ఉడికేది.

తాను చెప్పిన మాట ప్రకారం అధికారి మండుటెండలో వచ్చాడు. ఎండిన కాలువను చూసి, కాలుష్యమేమీ లేదని తేల్చి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పత్రికలో పనిచేస్తూ ఎన్నో అబద్ధాలు విన్నాను గానీ, నిబంధన ప్రకారం చెప్పిన ఈ అబద్ధం మీద కోపం నాకు ఇంకా చల్లారలేదు. విషం పారే వేళ చూడకూడదనుకున్న వాళ్లకే మన నీళ్ల కాపలా అప్పగించారు.

అత్త బావి మీద రాతిపలక వేయించి, బిందె పట్టుకుని వీధి కుళాయి దగ్గరికి నడిచింది. వాన పడుతుండగా ఆ కాలువ నీళ్లను ఇప్పటికీ ఎవరూ పరీక్షించలేదు.